రాసిందొకటి, నడిచేదొకటి: డేటాబేసు సెట్టింగుల ఫైళ్ళ చరిత్ర

డేటాబేసు నెమ్మదించినా, అసలు లేవకపోయినా మనవాళ్ళు ముందు డిస్కుని అనుమానిస్తారు. తర్వాత నెట్‌వర్కుని. ఆ తర్వాత మొన్ననే టీములో చేరిన కుర్రాణ్ణి. సెట్టింగుల ఫైలు వంతు ఎప్పుడో చివర్లో వస్తుంది. వందల గిగాబైట్ల డేటా పక్కన నాలుగు కిలోబైట్ల టెక్స్ట్ ఫైల్ని ఎవరు పట్టించుకుంటారు చెప్పండి? డేటాకి రోజూ బ్యాకప్ తీస్తాం. ఈ ఫైలుకి మాత్రం పక్కనే ఇంకో కాపీ పెట్టి దాని పేరు చివర 'ఓల్డ్' అని తగిలిస్తాం. ఆర్నెల్లు పోయాక అక్కడ ఓల్డ్, ఓల్డ్2, కొత్తఓల్డ్ అని మూడుంటాయి. ఏది ఎప్పటిదో ఆ దేవుడికే తెలియాలి.

ఈ ఫైళ్ళకీ ఓ చరిత్ర ఉంది. సరదాగా ఉంటుంది, పనికీ వస్తుంది. అది చెప్పేముందు నా అభిప్రాయం ఒకటి చెప్పేస్తాను, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. తప్పు విలువ రాయడం వీటితో వచ్చే పెద్ద ప్రమాదమని నేననుకోను. తప్పు రాస్తే చాలాసార్లు వెంటనే తెలిసిపోతుంది. ఫైల్లో ఒకటి రాసి ఉండి, మెమరీలో ఇంకొకటి నడుస్తూ, ఆ తేడా ఎవరి కంటా పడకుండా నెలల తరబడి ఉండిపోవడం అసలు ప్రమాదం.

ఊళ్ళల్లో భూమి తగాదాలు చూసినవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు. అడంగల్లో ఒకరి పేరుంటుంది, పొలం దున్నేది ఇంకొకరు. అలా ఏళ్ళు గడిచిపోతాయి. అమ్మకానికో పంపకానికో కాగితాలు బయటికి తీసిన రోజున మొదలవుతుంది అసలు గొడవ. సర్వర్ విషయంలో ఆ కాగితాలు బయటికి తీసే రోజు పేరు రీస్టార్ట్.

సరే, కథలోకి వద్దాం. డేటాబేసుల కంటే ముందే యూనిక్సు వాళ్ళకి ఈ బాధ తగిలింది. పాస్‌వర్డ్ ఫైల్ని ఇద్దరు ఒకేసారి తెరిచి రాస్తే రెండోవాడు సేవ్ చెయ్యగానే మొదటివాడు రాసింది పోతుంది. సగం రాసిన ఫైలు మిగిలితే ఎవరూ లాగిన్ కాలేరు. అందుకే బీఎస్‌డీ యూనిక్సులో విపీడబ్ల్యూ అని ఒక చిన్న కమాండ్ పెట్టారు. అది ముందు తాళం వేస్తుంది. అసలు ఫైలు జోలికి పోకుండా నకలు తీసి ఇస్తుంది. మీరు రాసి ముగించాక సరిచూసి, పేరు మార్చి అసలు దాని స్థానంలో కూర్చోబెడుతుంది. ఒకే ఫైల్ సిస్టంలో పేరు మార్చడం అన్నది ఒక్క దెబ్బలో జరిగే పని కాబట్టి, చదివేవాళ్ళకి పాత ఫైలన్నా కనిపిస్తుంది, కొత్తదన్నా కనిపిస్తుంది. సగం సగం ఫైలు కనిపించదు. సుడో ఫైలుకి వాడే విసుడో కూడా ఇదే తరహా. తప్పు రాసి సేవ్ చేస్తే 'ఇప్పుడేం చేద్దాం?' అని అడుగుతుంది. తప్పుతోనే సేవ్ చేసి పోతానంటే పెద్ద బడి క్యూ అక్షరం కొట్టాలి, దాని పక్కనే ప్రమాదం అని రాసి ఉంటుంది. ఇంత మర్యాదగా బెదిరించే సాఫ్ట్‌వేర్ నేను ఇంకోటి చూళ్ళేదు.

తాళం, నకలు, తనిఖీ, పేరు మార్పు. ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి, చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ కనిపిస్తాయి.

ఇది కాక, ఏ మార్పు ఎవరు చేశారో రాసిపెట్టుకునే అలవాటు వేరే దారిలో వచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ 1972లో ఎస్‌సీసీఎస్ రాశాడు. పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిషీ 1982లో ఆర్‌సీఎస్ తెచ్చాడు. ఆర్‌సీఎస్ ఒక్కొక్క ఫైలుకి విడిగా చరిత్ర రాసేది. ప్రోగ్రామర్లు పెద్ద ప్రాజెక్టుల కోసం దాన్ని వదిలేసి వేరే వాటికి వెళ్ళిపోయాక కూడా సిస్టం అడ్మిన్లు చాలాకాలం దాన్ని పట్టుకుని వేలాడారు. కారణం తేలికే. ఈటీసీ డైరెక్టరీలో ఉన్న ఒక్క ఫైలుకి చరిత్ర కావాలంటే ఆర్‌సీఎస్‌కి మించింది లేదు.

ఇప్పుడు డేటాబేసులు. 2001 ఈ కథలో తమాషా సంవత్సరం. ఆ ఏడు రెండు డేటాబేసులు పూర్తిగా ఎదురెదురు దారులు పట్టాయి.

ఒరాకిల్‌లో అప్పటిదాకా ఇనిట్.ఓరా అని టెక్స్ట్ ఫైలుండేది. డీబీయేలు దాన్ని వీఐలో తెరిచి మార్చుకునేవాళ్ళు. నడుస్తున్న సర్వర్‌లో ఆల్టర్ సిస్టమ్ అని కమాండ్ ఇస్తే కొన్ని సెట్టింగులు అప్పటికప్పుడు మారేవి, కానీ ఫైల్లోకి ఎక్కేవి కావు. పగలు కమాండుతో మార్చి, ఫైల్లో రాయడం మర్చిపోతే, మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు పాత విలువే వచ్చి కూర్చునేది. 2001లో వచ్చిన 9ఐ లో ఎస్పీఫైల్ అని కొత్తది పెట్టారు. అది బైనరీ ఫైలు, సర్వరే రాసుకుంటుంది. ఆల్టర్ సిస్టమ్ చివర్న స్కోప్ అని ఒక మాట చేర్చారు: మెమరీలో మాత్రమే, ఫైల్లో మాత్రమే, లేదా రెండింటిలోనూ. నేను చెప్తున్న తేడా ఉంది చూశారూ, దానికి మొట్టమొదట ఒక పేరు పెట్టి, 'నీకేది కావాలో నువ్వే చెప్పు' అన్నది నాకు తెలిసినంతలో ఇదే. మెమరీలో ఏముందో చూడ్డానికొక వ్యూ, ఫైల్లో ఏముందో చూడ్డానికి ఇంకో వ్యూ కూడా ఇచ్చారు. ఒరాకిల్ లైసెన్సు ధర గురించి మనం ఎన్నైనా అనుకోవచ్చు గానీ, ఈ విషయంలో వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

అయితే చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? పాత డీబీయేలు ఆ బైనరీ ఫైల్ని కూడా వీఐలో తెరిచి సేవ్ చేసేవాళ్ళు. ఫైలు పాడయ్యేది. తిరగబడే ఇంకో కేసు: మెమరీ సైజు మరీ ఎక్కువ రాసి ఫైల్లోకి మాత్రమే పంపితే, తర్వాతి స్టార్టప్‌లో సర్వర్ లేవదు. సర్వర్ లేవకపోతే కమాండ్ ఇవ్వలేం, ఫైల్ని చేత్తో దిద్దలేం. దీనికి విరుగుడు కూడా అందులోనే ఉంది. సర్వర్ లేవకపోయినా ఎస్పీఫైల్ నుంచి మామూలు టెక్స్ట్ ఫైలు తయారుచేసుకోవచ్చు, దాన్ని దిద్ది మళ్ళీ ఎస్పీఫైల్ చేసుకోవచ్చు. అర్ధరాత్రి పూట ఈ సంగతి తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ రక్తపోటులో తేడా ఉంటుంది.

ఒరాకిల్‌లో నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. స్టార్ట్ అయిన ప్రతిసారీ, డిఫాల్ట్ కాని సెట్టింగులన్నిటినీ అలర్ట్ లాగ్‌లో రాస్తుంది. సెట్టింగుల ఫైలు పోగొట్టుకున్నవాళ్ళు ఆ లాగ్ చూసి మళ్ళీ ఫైలు రాసుకునేవాళ్ళు. 'నేను ఈ విలువలతో లేచాను' అని సర్వర్ తన నోటితో చెప్పడం అన్నమాట.

అదే 2001 ఏప్రిల్‌లో పోస్ట్‌గ్రెస్ 7.1 వచ్చింది. దాంట్లోనే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్ అన్న ఫైలు మొదలైంది. పీటర్ ఐజెన్‌ట్రౌట్ అప్పటిదాకా కమాండ్ లైన్ స్విచ్చుల్లోనూ, ఇంకో ఫైల్లోనూ చెల్లాచెదరుగా ఉన్న సెట్టింగుల్ని ఒక చోటికి తెచ్చాడు. లోపలి కోడులో దాని పేరు గ్రాండ్ యూనిఫైడ్ కాన్ఫిగరేషన్. ఫిజిక్సు వాళ్ళ గ్రాండ్ యూనిఫైడ్ థియరీ మీద హాస్యం. ఒరాకిల్ టెక్స్ట్ నుంచి బైనరీకి పోతుంటే, పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ ఫైలే అన్నిటికీ మూలం అని కూర్చుంది. మార్చాలంటే ఎడిటర్‌తో మార్చు, రీలోడ్ అని సిగ్నల్ పంపు. కొన్ని సెట్టింగులు రీలోడ్‌తో మారతాయి, కొన్నిటికి రీస్టార్ట్ కావాలి.

గొడవంతా ఈ చివరి మాటలోనే ఉంది. మీకో ఉదాహరణ చెప్తాను, 2009లో హైదరాబాదులో నేను పనిచేసిన ఒక చోట జరిగింది. పేరు అనవసరం. డెబియన్ లెన్నీ మీద పోస్ట్‌గ్రెస్ 8.3. షేర్డ్ బఫర్స్ 24 ఎంబీ ఉండేది. ఎందుకు 24 అంటే, లినక్సు కెర్నల్ అప్పట్లో ఒక షేర్డ్ మెమరీ ముక్క 32 ఎంబీ దాటనిచ్చేది కాదు, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు పోస్ట్‌గ్రెస్ ఆ హద్దులో పట్టేంత చూసి పెట్టుకునేది. ఎవరో దాన్ని 512 చేశారు. రీలోడ్ చేశారు. కెర్నల్ హద్దు మాత్రం పెంచలేదు. ఏ గొడవా జరగలేదు, ఎందుకంటే ఆ సెట్టింగు రీలోడ్‌తో మారదు. 'ఇది సర్వర్ నడుస్తుండగా మార్చడం కుదరదు, పట్టించుకోవట్లేదు' అని లాగ్‌లో ఒక లైను రాసి సర్వర్ తన పని తాను చేసుకుంటూ పోయింది. ఆ లైను ఎవరూ చదవలేదు.

నాలుగు నెలల తర్వాత కరెంటు పనుల కోసం సర్వర్ ఆపి మళ్ళీ లేపారు. లేవలేదు. షేర్డ్ మెమరీ దొరకలేదని ఎర్రర్. నైట్ షిఫ్టు కుర్రాడు "సార్, నేనేం ముట్టుకోలేదు సార్, నిన్నటిదాకా బానే ఉంది" అని ఫోన్లో ఒకటే ఏడుపు. అతను చెప్పింది అక్షరాలా నిజం. అతను ముట్టుకోలేదు, నిన్నటిదాకా బానే ఉంది కూడా. ఫైలు తెరిస్తే ఆ లైను పక్కనే కామెంటు కూడా ఉంది: టెస్టింగు కోసం, తర్వాత తీసెయ్యాలి అని. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో లేదు. రెండు గంటలు పోయాయి, అందులో గంటన్నర డిస్కుని తిట్టడంలోనే పోయింది. 2013లో 9.3 వచ్చాక పోస్ట్‌గ్రెస్ షేర్డ్ మెమరీ తీసుకునే పద్ధతి మార్చుకుంది, డిఫాల్ట్ 128 ఎంబీ అయింది, ఈ ఫలానా గొడవ పోయింది. కానీ అలాంటి గొడవ పోలేదు.

మైఎస్‌క్యూఎల్ సంగతి చూద్దాం. దాని మై.సీఎన్‌ఎఫ్ ఒక్క ఫైలు కాదు. ఈటీసీలో ఒకటి, ఈటీసీ కింద మైఎస్‌క్యూఎల్ డైరెక్టరీలో ఒకటి, ఇంటి డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యేది ఒకటి, ఇలా వరసగా చదువుకుంటూ పోతుంది, చివర చదివిందే చెల్లుతుంది. ఎవరైనా రాయగలిగేలా పర్మిషన్లుంటే మాత్రం ఆ ఫైల్ని చదవనని మొండికేస్తుంది. మంచి మొండితనం. పాత వెర్షన్లతో పాటు నమూనా ఫైళ్ళు వచ్చేవి, గుర్తుందా? స్మాల్, మీడియం, లార్జ్, హ్యూజ్. హ్యూజ్ అంటే 1 నుంచి 2 జీబీ మెమరీ ఉన్న మెషీనని లోపల రాసి ఉండేది. 2010 దాటాక కూడా 32 జీబీ సర్వర్ల మీద ఆ 'హ్యూజ్' ఫైలు తీసుకొచ్చి పెట్టి, మాది పెద్ద సెట్టింగండీ అని మురిసిపోయినవాళ్ళని చూశాను. 5.6 లో వాటిని తీసేశారు.

మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ లాగ్ ఫైలు సైజు అన్న సెట్టింగు ఒక తరం డీబీయేలని ఏడిపించింది. 5.6 కి ముందు ఆ సైజు మార్చాలంటే ముందు సర్వర్‌ని శుభ్రంగా ఆపి, పాత లాగ్ ఫైళ్ళు పక్కకి జరిపి, అప్పుడు మార్చాలి. ఊరికే ఫైల్లో మార్చి రీస్టార్ట్ చేస్తే, డిస్కు మీదున్న లాగ్ సైజు ఫైల్లో రాసిన సైజుతో కలవలేదని ఇన్నోడీబీ లేవదు. అంతవరకూ న్యాయమే. కానీ 5.1 కాలంలో ఇన్నోడీబీ లేవకపోయినా మైఎస్‌క్యూఎల్ లేచేది! పైకి అంతా బాగున్నట్టే. పాత టేబుళ్ళు మాత్రం ఇంజిన్ లేదంటాయి. కొత్తగా ఇన్నోడీబీ టేబుల్ సృష్టించమంటే, కఠినమైన మోడు పెట్టుకోకపోతే, ఒక వార్నింగ్ పడేసి మైఐసామ్ టేబుల్ చేసి పెట్టేది. ట్రాన్సాక్షన్లు లేని టేబుల్లో డబ్బుల లెక్కలు రాసుకుంటున్నామని మనకి తెలిసేదెప్పుడో. సర్వర్ లేవకపోవడం కంటే ఇలా సగం లేవడం వందరెట్లు ప్రమాదం.

ఇలాంటి సగం పనే పోస్ట్‌గ్రెస్‌లోనూ ఒకచోట ఉండేది, ఇంకో ఫైల్లో. ఎవరు ఏ మెషీన్నుంచి ఎలా లాగిన్ కావచ్చో రాసే పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్. దీని స్వభావం వేరు. సెట్టింగుల ఫైల్లో ఒకే పేరు రెండుసార్లు రాస్తే చివరిది చెల్లుతుంది. హెచ్‌బీఏలో మొదట సరిపోలిన లైను చెల్లుతుంది. పక్కపక్కన ఉండే రెండు ఫైళ్ళకి ఎదురెదురు నియమాలు, కొత్తవాళ్ళని అడిగే ఇంటర్వ్యూ ప్రశ్నకి బాగా పనికొస్తుంది. 8.4 కి ముందు ఈ ఫైల్లో చాలా తప్పులు రీలోడ్‌లో బయటపడేవి కావు. ఎవరైనా కనెక్ట్ అవబోయినప్పుడే తెలిసేది. అంటే ఒక కామా తేడాతో అందరికీ తలుపులు మూసుకుపోవచ్చు. 2009లో వచ్చిన 8.4 లో మాగ్నస్ హాగాండర్ దీన్ని మార్చాడు. రీలోడ్ చెప్పగానే ఫైలు మొత్తం చదివి, తప్పుంటే ఆ కొత్త ఫైల్ని తిరస్కరించి, మెమరీలో ఉన్న పాత నియమాలతోనే కొనసాగుతుంది. చాలా చిన్న మార్పు, విడుదల పత్రంలో నాలుగు లైన్లు. కానీ విసుడో తనిఖీ లాంటిది డేటాబేసు లోపలికి వచ్చింది చూడండి.

దీనికో ఎదురు దెబ్బ కూడా ఉంది. ఫైల్లో తప్పుండగా సర్వర్ పాత నియమాలతో నడుస్తుంటే, రాసిందొకటి నడిచేదొకటి అన్న మన పాత కథే. రీలోడ్‌కి బతికిపోతాం. రీస్టార్ట్‌కి దొరికిపోతాం, ఎందుకంటే అప్పుడు వెనక్కి వెళ్ళడానికి మెమరీలో పాతది ఉండదు.

తర్వాతి పెద్ద మలుపు 9.4, 2014 డిసెంబర్. ఒరాకిల్‌లో ఉన్నట్టు కమాండుతో సెట్టింగు మార్చి ఫైల్లో నిలబెట్టే వీలు పోస్ట్‌గ్రెస్‌కీ వచ్చింది. పేరు కూడా అదే, ఆల్టర్ సిస్టమ్. రాసింది అమిత్ కపిల. దీని మీద చర్చలు బాగా సాగాయి, ఎందుకంటే మనుషులు చేత్తో రాసి కామెంట్లు పెట్టుకున్న ఫైల్ని సర్వర్ దిద్దడం ఎవరికీ ఇష్టం లేదు. చివరికి చేసిన ఏర్పాటు ఇది: మనుషుల ఫైలు మనుషులదే, సర్వర్‌కి విడిగా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్ అని ఇంకో ఫైలు. అది చివర్న చదవబడుతుంది కాబట్టి దానిదే పైచెయ్యి. కమాండ్ ఇచ్చినప్పుడు విలువ సరైన రకమా, హద్దుల్లో ఉందా అని చూస్తారు. తాళం వేసి, ముందు తాత్కాలిక ఫైల్లో రాసి, పేరు మార్చి అసలు దాని మీద కూర్చోబెడతారు. తాళం, నకలు, తనిఖీ, పేరు మార్పు! విపీడబ్ల్యూ రాసినవాళ్ళు చూస్తే నవ్వుకుంటారు.

ఇంకో మంచి నిర్ణయం: ఆల్టర్ సిస్టమ్ ఫైల్లో రాస్తుంది అంతే, అమలు చెయ్యదు. రీలోడ్ మీరు విడిగా చెప్పాలి. మొదట్లో ఇది నాకు విసుగ్గా ఉండేది, ఇప్పుడు సరైన పనే అనిపిస్తుంది. రాయడం, అమలు చెయ్యడం రెండు వేర్వేరు పనులు అని గుర్తు చేస్తుంది.

హద్దుల తనిఖీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. షేర్డ్ బఫర్స్ 500 జీబీ అని కొడితే ఆల్టర్ సిస్టమ్ సంతోషంగా రాసుకుంటుంది. మీ మెషీన్లో అంత మెమరీ ఉందో లేదో దానికి అనవసరం. రీస్టార్ట్‌లో తెలుస్తుంది.

పైగా సర్వర్ చేతికి కలం ఇవ్వడంలో ఇంకో చిక్కుంది. 2016 సెప్టెంబర్లో మైఎస్‌క్యూఎల్‌లో ఒక లోపం బయటపడింది, సీవీఈ-2016-6662. డేవిడ్ గోలున్‌స్కీ అనే పరిశోధకుడు పట్టుకున్నాడు. సర్వర్ తన క్వెరీల లాగ్ ఎక్కడ రాయాలో కమాండుతో మార్చవచ్చు కదా, తగిన అధికారాలున్న దొంగ ఆ లాగ్ ఫైలు దారిని మై.సీఎన్‌ఎఫ్ వైపు తిప్పాడనుకోండి. అతను పంపే క్వెరీ వెళ్ళి సెట్టింగుల ఫైల్లో లైనుగా పడుతుంది. సర్వర్‌ని లేపే మైఎస్‌క్యూఎల్‌డీ సేఫ్ అనే స్క్రిప్టు రూట్‌గా నడుస్తూ ఆ ఫైలు చదివి, అందులో చెప్పిన లైబ్రరీని లోడ్ చేస్తుంది. తర్వాతి రీస్టార్ట్‌లో మెషీన్ మొత్తం దొంగ చేతిలో. ఇక్కడా రీస్టార్టే చూడండి. ఇదంతా కుదరడానికి కారణం చాలాచోట్ల ఆ ఫైలు మైఎస్‌క్యూఎల్ యూజర్ రాయగలిగేలా ఉండటం. రూట్ పేరు మీదుండి, సర్వర్ చదవగలిగి, రాయలేనిదై ఉంటే దారి మూసుకుపోయేది. అంత జరిగాక కూడా 2018లో మైఎస్‌క్యూఎల్ 8.0 లో సెట్ పర్సిస్ట్ అని ఇలాంటి కమాండే వచ్చింది, కాకపోతే రాసేది డేటా డైరెక్టరీలోని వేరే జేసన్ ఫైల్లోకి. ఈటీసీ జోలికి పోదు.

ఈలోగా బయటి ప్రపంచంలో ఇంకో వర్గం తయారైంది. మార్క్ బర్జెస్ 1993లో ఓస్లోలో మొదలుపెట్టిన సీఎఫ్ఇంజిన్, 2005లో పప్పెట్, 2012లో ఆన్సిబుల్. వీళ్ళ మతం వేరు: సర్వర్ మీదున్న ఫైలు అసలు ఫైలే కాదు, అసలుది మా రిపాజిటరీలో ఉంది, మేము దాన్నుంచి దీన్ని పుట్టిస్తాం అంటారు. నేనూ చాలావరకూ ఈ మతమే. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్న మూడు ప్రశ్నలకీ గిట్‌లో జవాబుంటుంది. కానీ వీళ్ళు ఫైలు వరకే చూసుకుంటారు. ఫైలు సరిగ్గా ఉంటే పచ్చ లైటు వేస్తారు. ఆ ఫైలు నడుస్తున్న సర్వర్‌లోకి ఎక్కిందా అంటే అది నా పని కాదంటారు. చాలామంది డేటాబేసుకి ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపేసి పెట్టుకుంటారు, అది తెలివైన పనే. ఫలితంగా పచ్చ లైటు వెనకాల అమలు కాని మార్పులు ఒక్కొక్కటే పోగవుతుంటాయి.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో జరిగింది మీలో చాలామందికి తెలుసు. ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసు సర్వర్ మీద డైరెక్టరీ తుడిచేసి, దాదాపు 300 జీబీ పోయి, చివరికి ఆరు గంటల డేటా దొరక్కుండా పోయిన రోజు. అందరూ ఆ ఒక్క కమాండ్ గురించే మాట్లాడతారు. వాళ్ళు నిజాయితీగా బయటపెట్టిన కాలక్రమంలో దానికి ముందు ఏం జరిగిందో చదవండి. రెండో సర్వర్ కనెక్ట్ కావట్లేదు, మాక్స్ వాల్ సెండర్స్ తక్కువైందంటోంది. సరే పెంచారు. దానికి రీస్టార్ట్ కావాలి. రీస్టార్ట్ చేస్తే సర్వర్ లేవలేదు, సెమఫోర్లు ఎక్కువయ్యాయంటోంది. చూస్తే మాక్స్ కనెక్షన్స్ 8000 ఉంది. 2000కి తగ్గిస్తే లేచింది. ఆ 8000తో అది సుమారు ఏడాదిగా నడుస్తోంది! నిన్నటిదాకా బానే ఉంది అంటే ఇదే. రాత్రిపూట, ఒత్తిడిలో, ఒక సెట్టింగు మారుద్దామని వెళ్ళినవాడికి ఇంకో పాత సెట్టింగు ఎదురు తిరిగింది. తుడిచివేత ఆ తర్వాత జరిగింది. ఆ చికాకే తుడిచివేతకి కారణమని నేననను. కానీ ఒక్క మార్పు కోసం చేసే రీస్టార్ట్, పేరుకుపోయిన పాత మార్పులన్నిటికీ ఒకేసారి పరీక్ష పెడుతుంది. ఏ డీబీయేకైనా ఇది అనుభవమే.

ఈ తేడాని కళ్ళకి కనపడేలా చెయ్యడం పోస్ట్‌గ్రెస్‌లో 2016 జనవరిలో వచ్చిన 9.5 తో మొదలైంది. సెట్టింగుల వ్యూలో పెండింగ్ రీస్టార్ట్ అని ఒక కాలమ్ చేర్చారు. ఫైల్లో మారింది, రీలోడ్ చేశారు, కానీ రీస్టార్ట్ కోసం కాచుక్కూచుంది అంటే అక్కడ నిజం అని చూపిస్తుంది. పీజీ ఫైల్ సెట్టింగ్స్ అని ఇంకో వ్యూ, ఫైల్లో ఏ లైన్లో ఏముంది, ఏది చెల్లుతుంది, ఎక్కడ తప్పుంది అన్నీ చెప్తుంది. రీలోడ్ చెయ్యకముందే దీన్ని చూసుకోవచ్చు. 2009లో మా దగ్గర ఇది ఉండుంటే ఆ కుర్రాడి నిద్ర మిగిలేది. ఒరాకిల్ 2001లో ఇచ్చింది వీళ్ళు 2016లో ఇచ్చారని దెప్పిపొడవచ్చు, నిజమే మరి.

2019లో 12 వచ్చినప్పుడు రికవరీ.కాన్ఫ్ అన్న విడి ఫైల్ని ఎత్తేసి, అందులోవన్నీ మామూలు సెట్టింగుల్లో కలిపారు. పాత స్క్రిప్టులు ఆ ఫైల్ని రాస్తూనే ఉంటాయని తెలుసు కాబట్టి, ఆ ఫైలు కనిపిస్తే సర్వర్ అసలు లేవకుండా పెట్టారు. కఠినంగా అనిపిస్తుంది. కానీ చూసీచూడనట్టు వదిలేసి ఉంటే, స్టాండ్‌బై అనుకున్నది ప్రైమరీగా లేచి కూర్చునేది. సగం లేవడం కంటే లేవకపోవడం మేలని మైఎస్‌క్యూఎల్ 5.1 చూసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు.

2024 సెప్టెంబర్లో వచ్చిన 17 లో ఈ కథ ఒక చుట్టు తిరిగింది. అలో ఆల్టర్ సిస్టమ్ అని ఒక సెట్టింగు పెట్టారు. దాన్ని ఆఫ్ చేస్తే ఆల్టర్ సిస్టమ్ పనిచెయ్యదు. పదేళ్ళ కిందట అంత చర్చించి తెచ్చిన దాన్ని ఆపుకునే స్విచ్చు! ఎందుకంటే కుబర్నెటీస్ ఆపరేటర్ల లాంటి బయటి పనిముట్లు ఫైల్ని తామే రాస్తుంటే, లోపల్నుంచి ఎవరో ఆటో.కాన్ఫ్‌లో రాసి దాని మీద పైచెయ్యి చేసుకోవడం వాళ్ళకి తలనొప్పి. ఇది భద్రత కోసం కాదనీ, సూపర్‌యూజర్‌కి వేరే దారులుంటాయనీ డాక్యుమెంటేషన్లో స్పష్టంగా రాశారు. కలం ఇద్దరి చేతుల్లో ఉండకూడదన్నదే ఉద్దేశం. ఎవరి చేతిలో ఉండాలన్నది మీ ఇష్టం. నా ఓటు గిట్‌కి, అర్ధరాత్రి అత్యవసరానికి మాత్రం ఆల్టర్ సిస్టమ్, తెల్లారాక దాన్ని గిట్‌లోకి ఎక్కించి ఆటో.కాన్ఫ్ నుంచి రీసెట్ చేసెయ్యడం.

అయితే హెచ్‌బీఏ ఫైలు మిగిలిపోయింది. 2017లో 10 వచ్చినప్పుడు పీజీ హెచ్‌బీఏ ఫైల్ రూల్స్ అన్న వ్యూ తెచ్చారు, రాసింది హరిబాబు కొమ్మి. విడుదల పత్రంలో ఆ పేరు చదువుకోడానికి మనకి బాగుంటుంది. ఫైల్లో నియమాలన్నీ టేబుల్లా చూపిస్తుంది, తప్పున్న లైనుకి ఎర్రర్ కూడా చూపిస్తుంది. ఒక్కటే మెలిక. అది ఇప్పుడు ఫైల్లో ఏముందో చూపిస్తుంది. సర్వర్ చివరిసారి చదువుకుని మెమరీలో పెట్టుకున్నది చూపించదు. పాస్‌వర్డ్ మర్చిపోయి, ఫైల్లో ఒక ట్రస్ట్ లైను పెట్టి, పని అయ్యాక తీసేసి, రీలోడ్ మర్చిపోయారనుకోండి. వ్యూలో అంతా శుభ్రంగా ఉంటుంది. తలుపు బార్లా తెరిచే ఉంటుంది.

దీన్ని పట్టుకోడానికి నేను చేసేది చెప్తాను. సెట్టింగులు చివరిసారి ఎప్పుడు లోడ్ అయ్యాయో చెప్పే ఫంక్షన్ ఒకటుంది, పీజీ కాన్ఫ్ లోడ్ టైమ్. ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో పీజీ స్టాట్ ఫైల్ చెప్తుంది. ఫైలు మారిన టైము లోడ్ టైము కంటే తర్వాతదైతే రీలోడ్ కాలేదని అర్థం. ముందుదైనా సరే అంతటితో ఆగకండి. హెచ్‌బీఏ ఫైల్లో తప్పుండి సర్వర్ దాన్ని తిరస్కరించినా, మామూలు సెట్టింగుల ఫైలు బాగుంటే ఆ లోడ్ టైము మారిపోతుంది. అందుకని వ్యూలో ఎర్రర్ కాలమ్ ఖాళీగా ఉందో లేదో కూడా చూడాలి. మా దగ్గర ఈ రెండూ, పెండింగ్ రీస్టార్ట్ కాలమూ కలిపి మూడు క్వెరీలు రోజూ పొద్దున్న ఆరింటికి నడుస్తాయి, తేడా ఉంటే మెయిల్ వస్తుంది. వారంలో ఒకట్రెండు సార్లు వస్తూనే ఉంటుంది.